ఇఫ్ లోపల పెట్టిన వేరియబుల్ బయట ఎందుకు దొరకదు?

జావాలో ఇఫ్ ఫ్లవర్ బ్రాకెట్ల లోపల డిక్లేర్ చేసిన వేరియబుల్ ఆ బ్రాకెట్ మూసేదాకే చెల్లుతుంది, కింద వాడితే కంపైలర్ ఎర్రర్ ఇస్తుంది. దాని హద్దు, అంటే స్కోప్, ఆ బ్రాకెట్లే.

నల్లగొండ బత్తాయి మార్కెట్‌కు బిల్లు ప్రోగ్రాం రాస్తున్నారనుకోండి. బరువు 100 కిలోలు దాటితే తగ్గింపు ఇవ్వాలని ‘ఇంట్ తగ్గింపు = 50;’ అని ఇఫ్ లోపలే రాస్తే, కింద మొత్తం లెక్కగట్టే లైన్‌కు అది కనపడదు. ఇఫ్‌కు పైనే ‘ఇంట్ తగ్గింపు = 0;’ అని రాసి, లోపల విలువ మాత్రం మార్చండి. ఆ సున్నా తప్పకుండా పెట్టండి. క్లాస్ ఫీల్డ్‌లకు (మెథడ్ల బయట, నేరుగా క్లాస్‌లో పెట్టిన వేరియబుల్స్‌కు) ఇచ్చినట్టు మెథడ్ లోపలి వేరియబుల్‌కు జావా తనంతట తాను విలువ ఇవ్వదు.

‘షరతు నిజమైంది కదా, వేరియబుల్ ఉండాలి’ అని చాలామంది పొరబడతారు. స్కోప్ కంపైల్ అయ్యేటప్పుడే తేలిపోతుంది, షరతుతో దానికి పనిలేదు. లైన్లు లోపలికి జరిపి రాయడం చదివేవాళ్ల కోసమే, అది కూడా స్కోప్‌ను మార్చదు.