కుర్రాళ్ళు వెంటపడితే ఆడపిల్ల చదువు ఎందుకు ఆగాలి?

ప్రశ్న: మేడం గారూ, మాది విజయనగరం జిల్లా చీపురుపల్లి దగ్గర పల్లె. మా ఆయన హైదరాబాదులో సెంట్రింగ్ పని చేస్తారు, పండక్కే ఇంటికి వస్తారు. పెద్దోడు విశాఖలో ప్రైవేటు కాలేజీలో ఇంటర్ రెండో ఏడు, వాడి ఫీజుకి డ్వాక్రా లోను తీశాను. మా గుంట ఈ ఏడు టెన్త్‌లో 521 మార్కులు తెచ్చుకుంది. ఇంటర్ కాలేజీ 11 కిలోమీటర్లు. ఆటో స్టాండు దగ్గర ఇద్దరు కుర్రాళ్ళు దాని వెంట పడుతున్నారని ఎవరో మా ఆయనకి ఫోన్ చేసి చెప్పారు. అంతే, చదివింది చాలు, మా అప్ప కొడుక్కి ఇచ్చేద్దాం అంటున్నారు. మా అత్తదీ అదే మాట. పిల్ల సరిగా అన్నం తినట్లేదు. దానికింకా పదహారు నిండలేదు. నేనేం చెయ్యాలి?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, తప్పు చేసింది ఆ ఇద్దరు కుర్రాళ్ళు. ఇంట్లో కూర్చోవాల్సింది మాత్రం మీ అమ్మాయా? నేను బొబ్బిలి వైపు హైస్కూల్లో చాలా ఏళ్ళు పాఠాలు చెప్పాను. టెన్త్ తర్వాత ఆగిపోయిన ఆడపిల్లల్లో చదువు రాక ఆగినవాళ్ళు తక్కువ, ఎవరో ఏదో అన్నారని ఇంట్లో ఆపేసినవాళ్ళే ఎక్కువ. వాళ్ళ మొహాలు నాకిప్పటికీ గుర్తే.

మీ ఆయన్ని చెడ్డవారని నేను అనను. ఊళ్ళోనే ఉంటే సాయంత్రం ఆ స్టాండు దగ్గర నిలబడి ఎవర్రా మీరు అని అడిగేవారు, ఎక్కడో సైటు మీద ఉన్న మనిషికి ఫోన్‌లో విన్న మాట పదింతలవుతుంది, టెన్షన్‌తో నిద్ర పట్టదు, పెళ్ళి చేసేస్తే గండం గడిచిపోతుందనిపిస్తుంది. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వలస పోయిన ఇళ్ళు ఎన్నో మీకు తెలుసు కదా, ఆ ఇళ్ళన్నిట్లో ఈ భయం ఉంది. అందుకని ఫోన్‌లో వాదించకండి. రెండు రోజులు సెలవు పెట్టుకుని రమ్మనండి. కాలేజీలో చేర్పించే రోజు పిల్లతో పాటు ఆయన్నే బస్సెక్కి వెళ్ళమనండి. ప్రిన్సిపాల్‌తో మాట్లాడి, ఆ దారిని కళ్ళతో చూసి వస్తే భయం సగం తగ్గుతుంది.

దారి సంగతి చిన్నదేం కాదు. బీహార్‌లో 2006 నుంచి తొమ్మిదో తరగతిలో చేరిన ఆడపిల్లలకి ప్రభుత్వం సైకిళ్ళకి డబ్బులిచ్చింది. తర్వాత పరిశీలించిన ఆర్థికవేత్తలు చేరికలు 30 శాతం దాకా పెరిగాయని, బడి మూడు కిలోమీటర్లు దాటిన ఊళ్ళలోనే ఆ పెరుగుదల ఎక్కువని తేల్చారు. మనకి 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు బస్సులో ఆడవాళ్ళకి టికెట్ లేదు. మీ ఊరి నుంచీ పక్క ఊళ్ళ నుంచీ అదే కాలేజీకి వెళ్ళే పిల్లలు నలుగురో ఐదుగురో ఉంటారు, వాళ్ళ తల్లులతో మీరే మాట్లాడి అందరూ ఒకే బస్సుకి వెళ్ళి ఒకే బస్సుకి వచ్చేలా చూడండి. అయినా ఆ కుర్రాళ్ళు మానకపోతే పోలీసులకి చెప్పండి. పద్దెనిమిదేళ్ళలోపు పిల్లని దురుద్దేశంతో పదే పదే వెంబడించడం, పిల్లలపై లైంగిక నేరాలకి పెట్టిన పోక్సో చట్టం కింద నేరం. బస్సు కుదరదంటే ఆడపిల్లల కోసం ప్రభుత్వం నడిపే కస్తూర్బా విద్యాలయాల్లో చాలాచోట్ల ఇంటర్ కూడా ఉంది, ఉండటం, తినటం అంతా అక్కడే. మండల విద్యాశాఖ ఆఫీసులో వెంటనే అడగండి, ఆలస్యమైతే సీట్లు నిండిపోతాయి.

ఇక పెళ్ళి మాట. మీ అత్తగారికి గట్టిగా చెప్పండి, 2006 బాల్య వివాహ నిషేధ చట్టం ప్రకారం పద్దెనిమిది నిండని పిల్లకి పెళ్ళి చేస్తే చేయించిన పెద్దలకి రెండేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడొచ్చు. చట్టం ఉన్నా 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 20 నుంచి 24 ఏళ్ళ ఆడవాళ్ళలో 29 శాతం మందికి పద్దెనిమిదిలోపే పెళ్ళయిందని తేలింది, దేశం మొత్తం మీద అది 23 శాతం. బంగ్లాదేశ్ మనకంటే పేద దేశంగా ఉన్న రోజుల్లోనే, 1994లో, పల్లెల్లో హైస్కూలు ఆడపిల్లలకి దేశమంతా స్టైపెండ్ మొదలుపెట్టింది. దానికి పెట్టిన షరతుల్లో ఒకటి, హైస్కూలు చదువు అయ్యేదాకా పెళ్ళి చెయ్యకూడదని. మనకీ పిల్లల చదువుకని ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బు ఇంటర్ దాకా మీ ఖాతాలోనే పడుతుంది కదా, ఆ మాట మీ ఆయనతో అనండి.

ఇంకొకటి, మీకు కష్టంగా ఉన్నా చెప్తాను. కొడుకుని విశాఖ పంపినప్పుడు దూరం ఎవరికీ అడ్డం రాలేదు, వాడి కోసం లోను కూడా తీశారు. ఆ ధైర్యం కూతురి దగ్గరికి వచ్చేసరికి ఏమైంది? మీ పెద్దోడికి ఫోన్ చేసి, చెల్లెలి తరఫున నాన్నతో నువ్వు మాట్లాడు అని చెప్పండి. ఇంట్లో మగపిల్లాడు నోరు విప్పితే తండ్రులు వింటారు, అది నేను చాలా ఇళ్ళలో చూశాను.

ప్రశ్న: పలాస దగ్గర మా వీధిలో తొమ్మిదో తరగతి పిల్లకి ముహూర్తం పెట్టారు. చెప్తే నా పేరు బయటపడుతుందేమో అని భయంగా ఉంది.

జవాబు: పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యండి. ఏ టైములోనైనా చెయ్యొచ్చు, డబ్బు పడదు, నా పేరు రానివ్వొద్దని మొదటే చెప్పండి. ఊరు, వీధి, ముహూర్తం తేదీ చెప్తే చాలు. ముహూర్తం రోజు దాకా ఆగకండి, పత్రికలు పంచకముందే చెప్తే అధికారులు వచ్చి మాట్లాడటానికి వ్యవధి ఉంటుంది, ఆ పిల్ల మళ్ళీ బడికి పోవడం కూడా తేలికవుతుంది.