ముక్క తీసి పరీక్షకు పంపారు... ఏమై ఉంటుంది?

శరీరం నుంచి చిన్న ముక్క తీసి చేసే బయాప్సీ పరీక్ష గురించి నెల్లూరు, ప్రకాశం జిల్లాల పాఠకులు పంపిన ప్రశ్నలలో నాలుగింటికి, ఆ ముక్కలను మైక్రోస్కోపు కింద చూసి రిపోర్టు రాసే పెథాలజీ వైద్యుల సమాధానాలు.

ప్రశ్న: మా తమ్ముడికి ఇరవై ఆరేళ్లు. ముంజేతి మీద ఎర్రటి మచ్చ ఆరు నెలలుగా తగ్గడం లేదు. మందుల షాపులో ఇచ్చిన ఆయింట్‌మెంటు వాడి చూసి, చివరకు నెల్లూరులో చర్మ వైద్యుడికి చూపించాం. ఆయన మచ్చ అంచు నుంచి చిన్న ముక్క తీసి పంపారు. రిపోర్టులో ‘గ్రాన్యులోమాటస్ డెర్మటైటిస్, రోగి లక్షణాలతో పోల్చి చూడవలెను’ అని మాత్రమే ఉంది. ఇది క్యాన్సరా? జబ్బు పేరు ఎందుకు రాయలేదు?
– ఒక పాఠకురాలు, కందుకూరు

జవాబు: మీరు రాసిన మాటలను బట్టి అది క్యాన్సర్ రిపోర్టు కాదు. ముక్క తీశారంటే క్యాన్సర్ అనుమానమేనన్న భయం మనవాళ్లలో బాగా నాటుకుపోయింది కానీ, చర్మ వైద్యులు మాకు పంపే ముక్కలలో చాలావరకు సోరియాసిస్, లైకెన్ ప్లానస్, కుష్ఠు వంటి జబ్బులను ఒకదాని నుంచి మరొకదాన్ని విడదీసి చెప్పమని వచ్చేవే. పైకి ఒకేలా కనిపించే రెండు మచ్చలు మైక్రోస్కోపు కింద పూర్తిగా వేరుగా ఉండవచ్చు.

శరీరం తేలిగ్గా వదిలించుకోలేని క్రిమి చుట్టూనో, పదార్థం చుట్టూనో రోగనిరోధక కణాలు గుమిగూడి కట్టే ముద్దను గ్రాన్యులోమా అంటారు. చర్మంలో అలాంటి ముద్దలు కనిపించాయన్నదే ‘గ్రాన్యులోమాటస్ డెర్మటైటిస్’ అన్న మాటకు అర్థం. ఇది కుష్ఠులో కనిపిస్తుంది, చర్మానికి వచ్చే క్షయలో కనిపిస్తుంది, కొన్ని లోతైన ఫంగస్ జబ్బులలోనూ, సార్కాయిడోసిస్‌లోనూ, చివరకు చర్మంలో విరిగి ఉండిపోయిన ముల్లు చుట్టూ కూడా కనిపిస్తుంది. అందుకే ఆ ముద్దలు ఎక్కడ ఉన్నాయన్నది మేము జాగ్రత్తగా చూస్తాం. అవి నరాల వెంట సాగి, నరాన్నే తినేస్తూ ఉంటే కుష్ఠు వైపు మొగ్గుతాం. మధ్యలో కణజాలం చచ్చిపోయి ఉంటే క్షయను ముందుగా తలుస్తాం. ఆ తర్వాత ‘ఫైట్’ అనే ప్రత్యేకమైన రంగు వేసి కుష్ఠు క్రిముల కోసం వెతుకుతాం. క్షయ క్రిములకు మామూలుగా వేసే రంగులో కుష్ఠు క్రిమి ఆమ్లానికి తట్టుకోలేక రంగు కోల్పోయే అవకాశం ఉంది కాబట్టి ఈ ఏర్పాటు. అయినా, ఒకటి రెండు మచ్చలు మాత్రమే ఉండే రకం కుష్ఠులో క్రిములు అతి తక్కువగా ఉంటాయి. స్లైడులో, అంటే ముక్క నుంచి కోసిన పలుచని పొరను అతికించిన గాజు పలక మీద, క్రిమి కనిపించలేదంటే జబ్బు లేదని అర్థం కాదు.

ఇక స్లైడు చెప్పలేని సంగతి ఒకటి ఉంది. ఆ మచ్చ మీద స్పర్శ ఉందా లేదా అన్నది దూదితో తాకి చూసిన వైద్యుడికి మాత్రమే తెలుస్తుంది. మోచేతి వెనుక నరం లావెక్కిందో లేదో వేళ్లతో తడిమిన వారే చెప్పాలి. ‘లక్షణాలతో పోల్చి చూడవలెను’ అన్న వాక్యం తప్పించుకోవడానికి రాసింది కాదు. సగం ఆధారం మా బల్ల మీద, సగం ఆధారం మీ వైద్యుడి చేతిలో ఉందని దాని భావం. వయసు, ‘చర్మపు ముక్క’ అన్న మాట తప్ప ఇంకేమీ రాయని ఫారాలు మాకు తరచుగా వస్తుంటాయి, అలాంటప్పుడు రిపోర్టు కూడా అంతే పొడిగా వెళుతుంది. కాబట్టి రిపోర్టు తీసుకుని మళ్లీ అదే వైద్యుడి దగ్గరకు వెళ్లండి. షాపులో కొన్న ట్యూబును కూడా వెంట తీసుకువెళ్లండి, ఎందుకంటే అలా చేతికిచ్చే క్రీములలో చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది, అది మచ్చ రూపాన్నీ, లోపలి కణాల తీరునూ మార్చేస్తుంది. ఒకవేళ కుష్ఠు అని తేలినా కంగారు పడవద్దు. రకాన్ని బట్టి 6 నెలలో, 12 నెలలో వాడవలసిన మందులు ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితంగా ఇస్తారు.

ప్రశ్న: మా అమ్మకు నోట్లో పుండ్లు, ఒంటి మీద నీటి బొబ్బలు. ఒంగోలులో రెండు ముక్కలు తీసి రెండు వేరు వేరు సీసాలలో వేశారు, రెండింటికీ విడిగా డబ్బు కట్టించుకున్నారు. రెండో ముక్కను బొబ్బ లేని చోట, బాగున్న చర్మం నుంచి తీశారు. ఇది అవసరమా?
– ఒక పాఠకుడు, సింగరాయకొండ

జవాబు: అవసరమే. మీ వైద్యుడు చేయవలసిన పద్ధతిలోనే చేశారు. మొదటి ముక్క, కుళ్లకుండా ఉంచే ఫార్మాలిన్ ద్రావణంలో వేసి మామూలుగా చూసేది; చర్మంలో ఏ పొర దగ్గర చీలిక వచ్చి బొబ్బ లేచిందో అది చెబుతుంది. రెండవది ఇమ్యునోఫ్లోరెసెన్స్ పరీక్ష కోసం. పెంఫిగస్ అనే జబ్బులో శరీరంలోని యాంటీబాడీలు చర్మ కణాలను ఒకదానితో ఒకటి పట్టి ఉంచే బంధాల మీద దాడి చేస్తాయి. వాటిని మెరిసే రంగుతో గుర్తించినప్పుడు కణాల మధ్య వల అల్లినట్టు కనిపిస్తుంది. బొబ్బలు తెచ్చే మరో జబ్బు పెంఫిగాయిడ్‌లో అయితే పై చర్మానికీ లోపలి చర్మానికీ మధ్య ఒకే గీతగా మెరుస్తుంది. ఈ రెండు జబ్బుల తీవ్రత వేరు, మందుల మోతాదులు కూడా వేరు.

బొబ్బలోనే తీస్తే అక్కడి వాపు వల్ల యాంటీబాడీలు చెదిరిపోయి పరీక్ష తప్పుగా రావచ్చు. అందుకే పక్కన ఉన్న చర్మం తీస్తారు. ఫార్మాలిన్ తగిలితే ఈ పరీక్షకు ఆ ముక్క పనికిరాదు, కాబట్టి యాంటీబాడీలు చెడకుండా ఉంచే మిషెల్ ద్రావణంలో పంపుతారు. అది దొరకనప్పుడు సెలైన్‌లో వేసి ఒక రోజులోపు ల్యాబుకు చేర్చాలి. ఈ సదుపాయం అన్ని ల్యాబులలోనూ ఉండదు. ముక్క పెద్ద ఊరికి వెళ్లి రావలసి వస్తే ఆలస్యమూ, ఖర్చూ రెండూ పెరుగుతాయి.

ప్రశ్న: మా వారికి నలభై ఎనిమిదేళ్లు, షుగరు ఉంది. ఫ్యాటీ లివర్ అని చెప్పారు. కామెర్లు వచ్చినప్పుడు పసరు మందు కూడా తాగించాం. కామెర్లు తగ్గినా రక్త పరీక్షలో లివరు ఎంజైములు తగ్గడం లేదు. ఫైబ్రోస్కాన్ చేశాక కూడా లివరు నుంచి ముక్క తీయాలంటున్నారు. సూది గుచ్చితే ప్రమాదం కాదా?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: ఫైబ్రోస్కాన్ కాలేయం ఎంత గట్టిపడిందో కొలుస్తుంది, కొవ్వు ఎంతుందో కూడా అంచనా వేస్తుంది. ఎందుకు గట్టిపడిందో అది చెప్పలేదు. ఫ్యాటీ లివర్ ఉన్న ప్రతి ఒక్కరికీ ముక్క తీయవలసిన పని లేదు, తీయరు కూడా. కారణాలు ఒకటికి మించి ఉన్నాయని అనుమానం వచ్చినప్పుడే తీస్తారు, మీ వారి విషయంలో అదే పరిస్థితి. షుగరుతో వచ్చిన కొవ్వు ఒక కారణం కావచ్చు. పసరు వల్ల దెబ్బతిన్న కాలేయం ఇంకొకటి కావచ్చు. తన కాలేయం మీద తన రోగనిరోధక శక్తే తిరగబడే ఆటోఇమ్యూన్ హెపటైటిస్ మూడవది. మొదటిదానికి బరువు తగ్గడం, షుగరు అదుపు ముఖ్యం. మూడవదానికి స్టెరాయిడ్లు వాడాలి. ఒకదానికి వాడే మందు ఇంకొకదానికి చేటు చేస్తుంది.

అల్ట్రాసౌండ్‌లో చూస్తూ, సూది గుచ్చే చోట మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, కుడివైపు పక్కటెముకల మధ్య నుంచి సూది పంపుతారు. లోపల ఉండేది రెప్పపాటు మాత్రమే. వచ్చే ముక్క సన్నటి దారపు పోగులా ఉంటుంది. కాలేయం మొత్తంలో అది సుమారు 50,000వ వంతే కనుక ముక్క పొడవు చాలా ముఖ్యం. కనీసం ఒకటిన్నర నుంచి రెండు సెంటీమీటర్లు వస్తే మేము ధైర్యంగా మాట్లాడగలం. తునకలుగా వస్తే కాలేయం మచ్చకట్టి పీచుగా మారిన తీవ్రతను తక్కువగా అంచనా వేసే ప్రమాదం ఉంది.

స్లైడు మీద మొదట కొవ్వు చూస్తాం. కణాలలో 5 శాతానికి మించి కొవ్వు చుక్కలు ఉంటే ఫ్యాటీ లివర్ అంటాం. తర్వాత కణాలు ఉబ్బాయా, వాపు తెచ్చే రోగనిరోధక కణాలు ఎక్కడ చేరాయి అన్నది చూస్తాం. యాంటీబాడీలను తయారుచేసే ప్లాస్మా కణాలు గుంపులుగా ఉంటే ఆటోఇమ్యూన్ వైపు అనుమానం పోతుంది. మాసన్ ట్రైక్రోమ్ అనే రంగులో మచ్చకట్టిన పీచు నీలంగా తేలుతుంది, దాని విస్తృతిని బట్టి సున్నా నుంచి నాలుగు వరకు దశలు ఇస్తాం; నాలుగు అంటే సిర్రోసిస్, కాలేయమంతా మచ్చకట్టి గట్టిపడిన దశ. ఇనుము పేరుకుంటే పెర్ల్స్ రంగు పట్టిస్తుంది. పసరు చేసిన దెబ్బ మాత్రం ఇంత స్పష్టంగా బయటపడదు, అచ్చం ఆటోఇమ్యూన్ హెపటైటిస్‌లాగే కనిపించి మమ్మల్ని తికమక పెడుతుంది. తిప్పతీగ వాడినవారిలో ఇలాంటి నష్టాన్ని ముంబయి వైద్యులు 2021లో ప్రచురించారు. ఏ ఆకు, ఎన్ని రోజులు, చివరిసారి ఎప్పుడు తాగించారన్నది మొహమాటపడకుండా చెప్పండి. ఆ వివరం ఫారం మీద లేకపోతే మేము దాన్ని స్లైడులో కనిపెట్టలేము.

ప్రమాదం బొత్తిగా లేదనను. కొద్దిసేపు కుడి భుజంలో నొప్పి కొందరికి వస్తుంది, రక్తస్రావం అరుదు. అందుకే ముందుగా ప్లేట్‌లెట్లు, రక్తం గడ్డకట్టే సమయం చూస్తారు, తర్వాత కొన్ని గంటలు పడుకోబెట్టి నాడి, బీపీ గమనిస్తారు. రక్తం పలచబరిచే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి, మీ అంతట మీరు మానేయకండి.

ప్రశ్న: రెండో అభిప్రాయం కోసం మద్రాసు వెళుతున్నాం. రిపోర్టు ఒక్కటీ చాలదా?
– ఒక పాఠకుడు, కోవూరు

జవాబు: చాలదు. అక్కడి పెథాలజిస్టు చూడవలసింది మా మాటలను కాదు, ముక్కను. ముక్క తీసిన ఆసుపత్రి ల్యాబులో రాతపూర్వకంగా అడిగి స్లైడులు, ముక్కను మైనంలో పోసి ఉంచిన బ్లాకు రెండూ తీసుకోండి. బ్లాకు ఉంటే మూడు నాలుగు మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందంతో కొత్త పొరలు కోసి కొత్త రంగులు వేసుకోవచ్చు. దారిలో భోజనానికి ఆగినప్పుడు, ముఖ్యంగా మే నెలలో, బ్లాకును ఎండలో నిలిపిన కారులో వదలకండి. మైనం మెత్తబడితే ముక్క కదిలిపోతుంది. స్లైడులను కాగితంలో చుట్టకుండా ప్లాస్టిక్ స్లైడు పెట్టెలో పెట్టించుకోండి. మొదటి వైద్యుడు ఫారంలో రాసిన వివరాల నకలు కూడా అడిగి తీసుకోండి.