సెల్లార్ గోడౌన్, ఎల్లో అలర్ట్

ప్రశ్న: బేగంబజార్‌లో మాది కిరాణా హోల్‌సేల్, సరుకంతా సెల్లార్‌లోనే. వానాకాలంలో ఎల్లో అలర్ట్ వస్తూనే ఉంటుంది. ప్రతిసారీ సరుకు పైకి మోయాలా?

జవాబు: అక్కర్లేదండీ. ఎల్లో అంటే గమనిస్తూ ఉండమని, ఆరెంజ్ అంటే సిద్ధపడమని, రెడ్ అంటే వెంటనే కదలమని. వాతావరణ శాఖ లెక్కలో ‘భారీ వర్షం’ 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్ల నుంచి మొదలు. చదరపు మీటరుకు ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు. వెయ్యి చదరపు అడుగుల స్లాబు మీద 64.5 పడితే ఆరు వేల లీటర్లు, ఐదు వేల లీటర్ల ట్యాంకర్ కంటే ఎక్కువే!

అసలు చిక్కు వేరే. అదే వాన రోజంతా పడితే కాలువలు లాగేస్తాయి, గంటలో కుమ్మరిస్తే లాగలేవు. రంగు ఆ తేడా చెప్పదు. అది జిల్లా మొత్తానికి, మీ గల్లీకి కాదు. అందుకే సాయంత్రం మబ్బు కమ్మితే మూడు గంటల ముందస్తు సూచన, రాడార్ చిత్రం చూడండి.

ఆరెంజ్ వచ్చిన రోజు కింది వరస బస్తాలు ఎత్తండి. సెల్లార్‌లో నీళ్లు చేరే సంపు గుంతలో రెండు బకెట్ల నీళ్లు పోసి పంపు దానంతటదే ఆన్ అవుతుందో లేదో చూడండి. నీళ్లు పెరిగితే తేలి పంపును ఆన్ చేసే ఫ్లోట్ స్విచ్ చెత్తకు ఇరుక్కుపోవడం మామూలే. కరెంటు పోయేదీ సరిగ్గా వానలోనే, కాబట్టి పంపుకు జనరేటర్ లైను ఉండాలి. మెట్ల దగ్గర ఇసుక బస్తాలు వేసి, డ్రైనేజీ పైపుకు నాన్‌రిటర్న్ వాల్వు (నీళ్లు వెనక్కి రాకుండా ఆపేది) మరిచిపోతే నీళ్లు లోపలి నుంచే తన్నుకొస్తాయి.