తప్పు చేసి అమెరికా సైన్యం నుంచి బయటికి వచ్చినవాళ్లు డిశ్చార్జ్‌ను (సైన్యం నుంచి ఎలా పంపారో రికార్డులో వేసే ముద్రను) మార్పించుకోవచ్చా?

మార్పించుకోవచ్చు, కానీ దానంతట అదే మారదు. సైనికుడే అప్లై చేసి నిరూపించుకోవాలి. బయటికి వచ్చి 15 ఏళ్లలోపైతే డీడీ ఫారం 293తో డిశ్చార్జ్ రివ్యూ బోర్డుకు వెళ్లాలి. ఆ గడువు దాటినా, జనరల్ కోర్ట్ మార్షల్ (తీవ్ర నేరాలను విచారించే సైనిక కోర్టు) శిక్షగా పంపేసినా, డీడీ ఫారం 149తో రికార్డుల సవరణ బోర్డే దిక్కు.

బోర్డు పాత తప్పుపై మళ్లీ విచారణ జరపదు. పంపిన పద్ధతిలో లోపముందా, ఆ ముద్ర న్యాయమేనా అన్నదే చూస్తుంది. అఫ్గానిస్తాన్ నుంచి వచ్చాక డ్రగ్ టెస్టులో దొరికి, 'అదర్ దేన్ ఆనరబుల్' (గౌరవప్రదం కాని) ముద్రతో ఇంటికెళ్లిన సైనికుడికి తర్వాత పీటీఎస్‌డీ (భయానక అనుభవాల వల్ల వచ్చే మానసిక సమస్య) ఉందని తేలిందనుకోండి. 2014, 2017 రక్షణ శాఖ ఆదేశాల ప్రకారం అలాంటి కేసును ఉదారంగా పరిశీలించాలి. ఇది చాలా అవసరమైన మార్పు. డాక్టర్ రిపోర్టులు, తోటి సైనికుల వాంగ్మూలాలు జతచేయాలి. వట్టి క్షమాపణ లేఖ సరిపోదు.

ఆరు నెలలు గడిస్తే డిశ్చార్జ్ దానంతటదే 'ఆనరబుల్' అయిపోతుందని చాలామంది నమ్ముతారు. అలాంటి నియమమే లేదు. ఆ నమ్మకంతో ఊరుకుంటే 15 ఏళ్ల గడువు కరిగిపోతుంది, జీఐ బిల్ (మాజీ సైనికులకు ప్రభుత్వమిచ్చే) చదువు సాయమూ అందదు.