తోక చూశావా?

చిన్నీ,

నువ్వు పాథాలజీ తీసుకున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. ఆ రాత్రి నాకు నిద్రపడితే ఒట్టు. సగం సంతోషం, సగం టెన్షన్. లెక్కల పేపర్ ఒక్కసారైనా తిరిగి చూసుకోకుండా ఇచ్చేసి వచ్చేదానివి మరి!

గ్లౌజులు, లెన్సు తుడవడం, స్లైడు మీద పేరు ముందే రాయడం లాంటివి మీ మేడమ్‌లు చెబుతారు.

జబ్బు కణాల కోసం ఎగబడకు. ముందు ఆరోగ్యంగా ఉన్నవాటిని విసుగొచ్చేదాకా చూడు. ఎర్ర కణం ఏడెనిమిది మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్), మధ్యలో మూడో వంతు పాలిపోయి ఉంటుంది. పక్కనున్న చిన్న లింఫోసైట్ (ఒక రకం తెల్లకణం) కేంద్రకమూ దాదాపు అంతే. ఈ కొలత కంటికి అలవాటైతే ఐరన్ తగ్గి చిన్నబడి, మరింత పాలిపోయిన కణాలు ఇట్టే పట్టుబడతాయి. కొడవలి కణం కనబడితే ఆకారం దగ్గరే ఆగకు. ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్‌లోని బీటా గొలుసులో ఆరో చోట గ్లుటామిక్ ఆమ్లం పోయి వాలిన్ వచ్చింది. ఆక్సిజన్ తగ్గగానే హిమోగ్లోబిన్ తీగలు కట్టింది, కణం వంగింది, సన్నటి రక్తనాళంలో ఇరుక్కుంది. అక్కడెవరో నొప్పితో మెలికలు తిరుగుతున్నారు. అంతదాకా ఆలోచించాలి.

ఇక నా సంగతి. ఉద్యోగంలో కొత్త. ఒక సాయంత్రం ఒకమ్మాయి రక్తంలో, గడ్డకట్టడానికి పనికొచ్చే ప్లేట్‌లెట్లు 18 వేలని మెషిన్ చూపించింది. మామూలుగా లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షలు ఉండాలి. స్మియర్ (స్లైడు మీద పల్చగా పరిచిన రక్తపు చుక్క) మధ్యలో రెండు మూడు చోట్ల చూశాను, నిజంగానే తక్కువున్నాయి. సంతకం పెట్టేశాను. ఆ అమ్మాయికి మర్నాడు చిన్న ఆపరేషన్. అది ఆపేశారు. ఎముక మజ్జ పరీక్ష అన్నారు.

పొద్దున మా సీనియర్ స్లైడు చూసి ఒక్కటే అడిగారు: "తోక చూశావా?" స్మియర్ పల్చబడే ఆ చివరన ప్లేట్‌లెట్లన్నీ ద్రాక్షగుత్తుల్లా అంటుకుని ఉన్నాయి. కొందరి రక్తంలో ఈడీటీఏ (రక్తం గడ్డకట్టకుండా ట్యూబులో వేసే మందు) తగలగానే అలా గుంపు కడతాయి, ఒంట్లో కాదు, ట్యూబులో. మెషిన్‌కి ఆ గుంపులు ప్లేట్‌లెట్లుగా కనబడవు. ఈడీటీఏ బదులు సిట్రేట్ అనే మందున్న ట్యూబులో మళ్లీ తీస్తే రెండు లక్షల పైమాటే. ఒంటి మీద ఒక్క మచ్చైనా ఉందా, చిగుళ్ల నుంచి రక్తం వస్తోందా అని అడిగి ఉంటే నాకు ముందు రోజే అనుమానం వచ్చేది. అడగలేదు. ఇంటికెళ్లే తొందర.

వాళ్లమ్మ వచ్చి, "బాబూ, అయితే మా పిల్లకి ఏమీ లేనట్టేనా?" అంది. రాత్రంతా బ్లడ్ క్యాన్సరే అనుకుని ఏడ్చారట. నా నోట మాట రాలేదు. ఇప్పటికీ 18 అనే అంకె చూస్తే నాకు ఆవిడ కళ్లే గుర్తొస్తాయి.

అందుకే మెషిన్ చెప్పింది, నీ కన్ను చూసింది, మనిషి ఒళ్లు చెప్పింది, మూడూ కలవకపోతే సంతకం పెట్టకు. ఎవరు ఫోన్ చేసి తొందరపెట్టినా సరే. తిడితే తిట్టనీ, పెదనాన్న చెప్పాడను.

టైముకి తిను. కళ్లు మండితే కాసేపు లేచి నడువు. నా పాత తెల్లకణాల కౌంటర్ పంపుతున్నాను. మోనోసైట్ మీట ఒక్కోసారి ఇరుక్కుంటుంది, కాస్త గట్టిగా నొక్కు.

మీ పెదనాన్న