మీ ప్రశ్నలు – మా జవాబులు: మాయా పంచాంగం, నెత్తుటి మొక్కు, వాన పూజ

గత సంచికలో మెక్సికో, గ్వాటెమాలా ప్రాంతాల ప్రాచీన మాయా జాతి గురించి వేసిన వ్యాసం చదివి బెంగళూరు పాఠకులు అడిగిన ప్రశ్నల్లో కొన్నిటికి ఇవీ జవాబులు.

ప్ర: మా అమ్మాయి పుట్టినతేదీకి మాయా పంచాంగంలో ఏ రోజు వస్తుందో రెండు వెబ్‌సైట్లలో చూశాను. రెండూ రెండు పేర్లు చెప్పాయి. చేత్తో లెక్కకట్టే పద్ధతి ఉందా? – పాఠకురాలు, మారతహళ్లి

జ: ఉంది. కాగితం మీద అయిదు నిమిషాల పని. వాళ్ల పూజలకూ జాతకాలకూ ఆధారమైన 260 రోజుల పంచాంగంలో రెండు వరసలు కలిసి నడుస్తాయి: 1 నుంచి 13 దాకా అంకెలు, 20 రోజుల పేర్లు. మనకు వారమూ నక్షత్రమూ దేని దారిన అది నడిచినట్టే. ఇవాళ 1 ఇమిష్ అయితే రేపు 2 ఇక్. 13 తర్వాత అంకె మళ్లీ 1కి వస్తుంది, పేరు మాత్రం ముందుకే పోతుంది. పేర్లు వరసగా: ఇమిష్, ఇక్, అక్‌బల్, కాన్, చిక్‌చన్, కిమి, మానిక్, లమాత్, ములుక్, ఓక్, చువెన్, ఎబ్, బెన్, ఇష్, మెన్, కిబ్, కబాన్, ఎట్స్‌నాబ్, కవాక్, అహావ్.

2012 డిసెంబరు 21న 4 అహావ్. దీన్ని గుంజగా పాతుకోండి. ఆ తేదీకీ మీకు కావలసిన తేదీకీ మధ్య ఎన్ని రోజులో చూడండి. ఎక్సెల్‌లో ఒక తేదీలోంచి ఇంకోటి తీసేస్తే చాలు. ఆ సంఖ్యను ఒకసారి 13తో, ఒకసారి 20తో భాగించి శేషాలు రాసుకోండి. 2000 జనవరి 1 తీసుకుందాం. తేడా 4738 రోజులు, శేషాలు 6, 18. తేదీ 2012 కంటే ముందుది కాబట్టి తీసివేయాలి. 4లోంచి 6 పోతే మైనస్ 2, దానికి 13 కలిపితే 11. అహావ్ ఇరవయ్యోది, 20లోంచి 18 పోతే 2, అంటే ఇక్. ఆ రోజు 11 ఇక్. తేదీ 2012 తర్వాతదైతే శేషాలను కలపాలి. అంకె 13 దాటితే 13 తీసేయాలి, పేరు ఇమిష్ నుంచి ముందుకు లెక్కపెట్టాలి. సరిచూసుకోవడానికి ఇంకొకటి: 1947 ఆగస్టు 15కి తేడా 23,870 రోజులు, 2 ఓక్ రావాలి.

తప్పులు ఎక్కడ దొర్లుతాయంటే, మొదటి రోజునూ చివరి రోజునూ రెంటినీ లెక్కలో వేసుకుంటే అంకె, పేరు రెండూ ఒక్కో గడి జరిగిపోతాయి. అంకె సున్నా వస్తే అది 13. ఈ పంచాంగంలో సున్నా లేదు. మీ వెబ్‌సైట్ల తగువుకు మాత్రం కారణం వేరే అయ్యుండొచ్చు. ఇరవయ్యో శతాబ్దం చివర్లో పుట్టిన ఒక కొత్త పద్ధతి ఫిబ్రవరి 29ని లెక్కే పెట్టదు. గ్వాటెమాలా కొండల్లో కిచే అనే మాయా తెగ పూజారులు తరతరాలుగా ఒక్క రోజు కూడా వదలకుండా లెక్కిస్తూ వస్తున్నారు. పైన చెప్పినది వాళ్ల లెక్కతో సరిపోతుంది. రెండు రోజుల తేడా మాత్రమే కనిపిస్తే, ఆ సైటు డిసెంబరు 21 బదులు 23ని 4 అహావ్‌గా తీసుకుందని అర్థం.

ఒక చిన్న చిక్కు. గ్వాటెమాలా మనకంటే పదకొండున్నర గంటలు వెనక. పాప ఇక్కడ పొద్దున పుడితే అక్కడింకా ముందురోజే. పుట్టిన ఊరి తేదీ తీసుకోవడమే సబబు.

ఇంతకీ ఇది సరదా లెక్క కాదు వాళ్లకి. పుట్టినరోజే పేరయ్యేది. 1524లో స్పెయిన్ సేనాని అల్వరాడో చంపించిన కిచే రాజుల పేర్లు ‘మూడు జింక’, ‘తొమ్మిది కుక్క’. పై వరసలో జింక అంటే మానిక్, కుక్క అంటే ఓక్.

ప్ర: బెంగళూరులో ఏప్రిల్‌లో ‘నీడ లేని రోజు’ వస్తుంది కదా. 260 రోజుల లెక్క అలాంటి రోజు నుంచే పుట్టిందంటారు. నిజమేనా? – పాఠకుడు, జయనగర

జ: బలమైన ఊహే, తీర్పు మాత్రం కాదు. సూర్యుడు నడినెత్తికి రావడం కర్కట, మకర రేఖల మధ్య ఊళ్లకే, ఏడాదికి రెండుసార్లు. మాయా దేశమంతా ఆ పట్టీలోనే ఉంది. మెక్సికో దక్షిణాన ఇసాపా అనే పాత ఊరు దాదాపు 15 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అక్కడ ఏప్రిల్ 30న ఒకసారి, ఆగస్టు 13న ఒకసారి నీడ మాయమవుతుంది. మధ్యలో 105 రోజులు. ఆగస్టు నుంచి మళ్లీ ఏప్రిల్ దాకా సరిగ్గా 260. మన ఊరు 13 డిగ్రీల దగ్గర ఉంది కాబట్టి రోజులు ఏప్రిల్ 24, ఆగస్టు 18 ప్రాంతాల్లో పడతాయి, ఎడం 249కి తగ్గుతుంది. అంటే ఊరు కాస్త జరిగినా 260 కుదరదు. ఈ సిద్ధాంతానికి బలం అదే, బలహీనతా అదే. చిచెన్ ఇట్జా, టికాల్ లాంటి వేరే మాయా నగరాల్లో ఉన్నవాడికి ఆకాశంలో 260 కనిపించదు, అయినా వాడూ అదే పంచాంగం పాటించాడు. కిచేవాళ్లనడిగితే అది కడుపుతో ఉండే కాలమంటారు. మాకు ఆ మాటే ఎక్కువ నచ్చుతుంది. ఈ పంచాంగానికి మాయా దేశంలో దొరికిన అతి పాత ఆధారాల్లో ఒకటి గ్వాటెమాలాలోని సాన్ బార్తోలో గోడ ముక్క మీది ‘7 జింక’. క్రీ.పూ. 300–200 నాటిది.

ఈసారి ఏప్రిల్‌లో మేడ మీద చూడాలనుకుంటే పన్నెండింటికి చూసి నిరాశపడకండి. మన గడియారం మనకు తూర్పున ఉన్న రేఖాంశానిది. బెంగళూరులో సూర్యుడు నెత్తిమీదికి వచ్చేది దాదాపు 12:17కి. సరిగ్గా పన్నెండింటికి 10 సెంటీమీటర్ల కర్రకు ఇంకా ఏడెనిమిది మిల్లీమీటర్ల నీడ ఉంటుంది. మేడకు నీళ్లు జారే వాలు ఉంటుంది కాబట్టి కర్రను తూకపు గుండుతో నిటారుగా నిలపండి.

ప్ర: హలసూరులో కావడి మొక్కుకు నాలుకలో శూలం గుచ్చుకునేవాళ్లను చూశాం. మాయా రాణులూ నాలుక కుట్టుకున్నారని రాశారు. రెండూ ఒకటేనా? – పాఠకురాలు, ఇందిరానగర్

జ: చూపుకు ఒకటే, ఉద్దేశం తిరగేసి ఉంది. కావడి మొక్కులో నెత్తురు రాకపోవడమే స్వామి మహిమ. మాయా క్రతువులో నెత్తురే నైవేద్యం, రాకపోతే క్రతువే లేదు. మెక్సికోలోని యశ్చిలాన్ అనే పాత మాయా ఊళ్లో ఒక గుమ్మం పైరాయి మీద క్రీ.శ. 709 నాటి దృశ్యం చెక్కారు. ఆ రాయి ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. కబల్ షోక్ రాణి ముళ్లు గుచ్చిన తాడును నాలుకలోంచి లాగుతోంది. రాజు కాగడా పట్టుకు నిలబడ్డాడు. కింద బుట్టలో నెత్తుటి చుక్కలు పడ్డ కాగితాలున్నాయి.

ఆ కాగితం అత్తిజాతి చెట్టు నార బెరడును దంచి చేసినది. నెత్తురు ఇంకాక గిన్నెలో పెట్టి, కోపల్ అనే ధూపపు బంకతో కలిపి కాల్చేవారు. దేవుడికి చేరేది పొగ. పనిముట్లు టెంకి చేప ముల్లు, గాజులాంటి నల్ల అగ్నిశిలతో చేసిన చురకత్తి. టెంకి ముల్లుకు వెనక్కి తిరిగిన పళ్లుంటాయి, గుచ్చాక వచ్చిన దారిన తీస్తే కండ చీల్చుకొస్తుంది. మగవాళ్లు మర్మాంగం నుంచి కూడా తీసేవారు. తమను మొక్కజొన్న పిండితో చేసి ప్రాణం పోసిన దేవుళ్లకు తిండి బాకీ ఉన్నామన్నది వాళ్ల నమ్మకం.

ప్ర: కన్నెపిల్లలను బావిలో తోసేవారట కదా? – పాఠకుడు, హెబ్బాళ

జ: చిచెన్ ఇట్జా పవిత్ర గుండంలో మనుషుల ఎముకలు దొరికిన మాట నిజం. ‘కన్నెపిల్లలు’ అన్నది తర్వాతివాళ్ల కల్పన; ఆ ఎముకల్లో మగవాళ్లవి, పిల్లలవి కూడా ఉన్నాయి. ఆ గుండానికి దగ్గర్లో 1967లో బయటపడ్డ నేలతొట్టిలోని 64 మంది డి.ఎన్.ఎ.ను పరీక్షించి 2024లో ఫలితాలు వెలువరించారు. అందరూ మగపిల్లలే. ఎక్కువమంది మూడు నుంచి ఆరేళ్లవాళ్లు. అందులో రెండు జతలు ఒకే పోలిక కవలలు.

ప్ర: 2012లో లోకం అంతమైపోతుందని వాళ్లు రాశారా? – పాఠకుడు, కోరమంగళ

జ: లేదు. 2012 డిసెంబరు 21న వాళ్ల దీర్ఘకాలపు లెక్కలో 1,44,000 రోజుల ఆవృత్తాలు పదమూడు నిండాయి, అంతే. పలెంకే అనే మాయా నగరంలోని ఒక శాసనం క్రీ.శ. 4772 దాకా లెక్క కట్టింది.

ప్ర: మా అబ్బాయికి స్కూల్లో మాయా పూజావేదిక నమూనా చేయమన్నారు. ఏమేం పెట్టాలి? – పాఠకురాలు, వైట్‌ఫీల్డ్

జ: గుండె కోసే రాయి, కపాలాల వరస వద్దు. అందరూ పెట్టే ఆ కపాలాల వరస మధ్య మెక్సికోలోని అజ్టెక్ జాతి రాజధానిది. మెక్సికోలోని యుకటాన్ ప్రాంతపు మాయా పల్లెల్లో ఇప్పటికీ చేసే వాన పూజ ‘చా చాక్’ తీసుకోండి. కర్రలతో బల్ల కట్టి, దానిపై ఆకుల కొమ్మలు విల్లులా వంచాలి. బల్ల నాలుగు కాళ్ల దగ్గర నలుగురు అబ్బాయిలు కప్పల్లా బెకబెకమంటారు. ఒక పెద్దాయన వాన దేవుడు చాక్ వేషంలో కొయ్యకత్తి, సొరబుర్ర పట్టుకుంటాడు. కత్తి మెరుపుకు, బుర్ర నీళ్లకు. బల్ల మీద సొరబుర్ర గిన్నెల్లో జావ పెడతారు. రోజూ తినే రొట్టెకు మొక్కజొన్నను సున్నపునీళ్లలో ఉడికిస్తారు, దేవుడి జావకు మాత్రం సున్నం తగలనివ్వరు. గుమ్మడి గింజల పొడి పొరలు పొరలుగా పరిచిన రొట్టెలను నేలగుంతలో కాలుస్తారు. తేనె, ఒక చెట్టు బెరడు నానబెట్టి పులియబెట్టిన బాల్చె కూడా ఉంటుంది; నమూనాలో ఖాళీ గిన్నె చాలు.

దిక్కుల రంగులు తారుమారైతే మార్కులు పోతాయి: తూర్పు ఎరుపు, ఉత్తరం తెలుపు, పడమర నలుపు, దక్షిణం పసుపు, నడుమ పచ్చ–నీలం. ధూపానికి సాంబ్రాణి కంటే గుగ్గులు నయం. కోపల్ చెట్టూ గుగ్గులు చెట్టూ ఒకే కుటుంబానివి. క్లాసులో నిప్పు ఒప్పుకోరు కాబట్టి బంక ముక్కలను మట్టి మూకుడులో అలాగే పెట్టండి.