వాట్సాప్‌లో ఆర్డరు, యూపీఐలో డబ్బు: చిరు వ్యాపారుల ప్రశ్నలకు జవాబులు

ఇంట్లో పచ్చళ్లు పెట్టి అమ్మేవారు, చీరల ఫొటోలు వాట్సాప్‌లో పెట్టి కొరియర్ చేసేవారు, టిఫిన్ బండి నడిపేవారు ఈసారి ఎక్కువగా రాశారు. చాలామంది ఇబ్బంది ఒకచోటే మొదలవుతోంది: చాట్‌లో కనిపించినదాన్ని ఖాతాలో పడిన డబ్బుగా లెక్క వేసుకోవడం. ఒకేలాంటి ఉత్తరాలను కలిపి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: వాట్సాప్ బిజినెస్‌లో పచ్చళ్ల ఆర్డర్లు తీసుకుంటున్నాను. అందులోనే పేమెంట్స్ కూడా పెట్టుకుందామంటే, బ్యాంకు పేరు నొక్కగానే ఈ నంబరుతో ఖాతా లేదంటోంది. ఖాతా నా పేరునే ఉంది. బ్యాంకులో ఇచ్చిన నంబరు మాత్రం మావారిది. (భీమవరం)

చిక్కంతా ఆ నంబరుతోనేనండి. యూపీఐ మీ ఖాతాను వెతికేది పేరుతో కాదు, మొబైల్ నంబరుతో. వాట్సాప్ ఏ నంబరు మీద నడుస్తోందో అదే నంబరు బ్యాంకులోనూ ఉండాలి. మావారి నంబరుకు ఓటీపీ తెప్పించుకుంటే సరిపోదా అని మరికొందరు అడిగారు. సరిపోదు. నమోదు సమయంలో మీ ఫోన్లోని సిమ్ నుంచి బ్యాంకుకు ఒక ఎస్ఎంఎస్ దానంతటదే వెళుతుంది. ఆ సిమ్ అదే ఫోన్లో ఉండాలి.

రెండు దారులున్నాయి. బ్రాంచికి వెళ్లి ఖాతాలో నంబరు మార్పించుకోవచ్చు. లేదా వ్యాపారానికే వేరుగా ఒక ఖాతా తెరిచి దానికి ఈ నంబరు ఇవ్వవచ్చు. మేము రెండోదే చేయమంటాం. ఎందుకో కింద ఖాతా ఆగిపోయిన ప్రశ్నలోనూ, పన్నుల ప్రశ్నలోనూ తెలుస్తుంది. రోజూ పదుల కొద్దీ జమలు పడే పరిస్థితి ఉంటే కరెంట్ ఖాతా అడగండి. సేవింగ్స్ ఖాతా వ్యాపారానికి ఉద్దేశించింది కాదు, ఎప్పుడో ఒకప్పుడు బ్యాంకు నుంచి ప్రశ్న వస్తుంది.

నంబరు సరిపోయాక పని తేలిక. సెట్టింగ్స్‌లో పేమెంట్స్ తెరిచి, బ్యాంకును ఎంచుకుని, ఎస్ఎంఎస్‌కు అనుమతి ఇస్తే ఖాతా కనిపిస్తుంది. యూపీఐ పిన్ లేకపోతే డెబిట్ కార్డు చివరి 6 అంకెలు, గడువు తేదీ ఇచ్చి పెట్టుకోవచ్చు. కార్డు లేనివారికి చాలా బ్యాంకులు ఆధార్ ఓటీపీతో కూడా పెట్టనిస్తున్నాయి. ఇక్కడ ఎక్కువగా ఆగిపోయేది ఎస్ఎంఎస్ దగ్గరే: రీచార్జి గడువు అయిపోయి ఉండటం, రెండు సిమ్‌ల ఫోన్లో వేరే సిమ్ ఎంచుకోవడం. కొత్తగా నమోదైన తర్వాత మొదటి 24 గంటల్లో మొత్తం 5,000 రూపాయలకు మించి పంపలేరు. ఆరోజే సరుకు కొనుగోలుకు పెద్ద మొత్తం పంపే పని పెట్టుకోకండి. ల్యాండ్‌లైన్ నంబరుతో వాట్సాప్ బిజినెస్ తెరిచినవారు దానితో యూపీఐ పెట్టుకోలేరు, ల్యాండ్‌లైన్ నుంచి ఆ ఎస్ఎంఎస్ వెళ్లదు.

ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. కొనేవారికి వాట్సాప్ పేమెంట్స్ ఉండనవసరం లేదు. వాళ్లు ఫోన్‌పే, గూగుల్‌పే, బ్యాంకు యాప్, దేనినుంచైనా మీ యూపీఐ ఐడీకి వేయవచ్చు.

ప్రశ్న: క్యూఆర్ బొమ్మ చాట్‌లో పంపితే కొందరు పెద్ద మొత్తం వెళ్లడం లేదంటున్నారు. దుకాణానికి వచ్చి స్కాన్ చేస్తే మాత్రం వెళుతోంది. (తెనాలి)

బొమ్మ వాళ్ల ఫోన్లోనే ఉంది కాబట్టి అదే ఫోన్ కెమెరాతో స్కాన్ చేయలేరు. గ్యాలరీ నుంచి ఎక్కిస్తారు. మామూలు వ్యక్తిగత క్యూఆర్‌ను అలా గ్యాలరీ నుంచి చదివిస్తే 2,000 రూపాయల వరకే అనుమతి. మోసగాళ్లు దూరం నుంచి క్యూఆర్‌లు పంపి డబ్బు లాగుతున్నారని పెట్టిన పరిమితి ఇది. అందుకే బొమ్మతోపాటు యూపీఐ ఐడీని అక్షరాల్లో కూడా పంపండి. నొక్కిపట్టి కాపీ చేసుకుని పంపుతారు. వాట్సాప్ బిజినెస్‌లో క్విక్ రిప్లైస్ అనే సదుపాయం ఉంది. యూపీఐ ఐడీ, ఖాతాలో కనిపించే పేరు, డబ్బు పంపేటప్పుడు ఆర్డరు నంబరు రాయమన్న మాట, ఈ మూడూ ఒక సందేశంగా దాచి పెట్టుకుంటే ప్రతిసారీ టైపు చేయనక్కర్లేదు, తప్పులూ దొర్లవు. ఖాతాలో పేరు ముందే చెప్పడం చాలా అవసరం. దుకాణం పేరు ఒకటి, తెర మీద వచ్చే పేరు మరొకటి అయితే జాగ్రత్తపరులు అక్కడే ఆగిపోతారు. ఆగడమే సరైన పని కూడా.

ప్రశ్న: డబ్బు వేసినట్టు స్క్రీన్‌షాట్ పంపారు. పండగ రద్దీలో చూసుకోకుండా రెండు చీరలు కొరియర్ చేశాం. డబ్బు పడలేదు, ఆ నంబరు ఎత్తడం లేదు. ఇకముందు ఎలా జాగ్రత్తపడాలి? (మంగళగిరి)

స్క్రీన్‌షాట్‌ను రుజువుగా తీసుకోవడం పూర్తిగా మానేయండి. పాత స్క్రీన్‌షాట్‌లో తేదీ, మొత్తం దిద్దడం నిమిషం పని. పచ్చటి టిక్కు, పేరు, నంబరు అన్నీ అసలుదానిలాగే చూపించే నకిలీ యాప్‌లు కూడా తిరుగుతున్నాయి. ‘మీ ఖాతాలో జమ అయింది’ అనే ఎస్ఎంఎస్‌నూ నమ్మకూడదు. బ్యాంకు సందేశం పంపినవారి చోట బ్యాంకు పేరున్న హెడర్‌తో వస్తుంది, 10 అంకెల మామూలు నంబరు నుంచి రాదు.

చూడాల్సింది మీ బ్యాంకు యాప్‌లోని లావాదేవీల పట్టిక ఒక్కటే. ప్రతి యూపీఐ చెల్లింపుకూ దాన్ని గుర్తించే 12 అంకెల యూటీఆర్ నంబరు ఉంటుంది. కొన్నవారిని బొమ్మ కాకుండా ఆ నంబరు పంపమనండి. మీ పట్టికలో అదే నంబరు, అదే మొత్తం కనిపిస్తేనే పార్సిల్ మీద చిరునామా రాయండి. ఇందుకు ఒక పుస్తకం చాలు: ఆర్డరు నంబరు, మొత్తం, యూటీఆర్ చివరి 4 అంకెలు, కొరియర్ రసీదు నంబరు. రద్దీ రోజుల్లో ఆర్డరు తీసుకునేవారు ఒకరు, ఖాతా చూసి టిక్కు పెట్టేవారు మరొకరు ఉంటే పొరపాట్లు బాగా తగ్గుతాయి. వాట్సాప్ బిజినెస్‌లోని లేబుల్స్‌ను ఇక్కడ వాడుకోండి. డబ్బు రావాలి, డబ్బు పడింది, పంపేశాం అని మూడు రంగులు పెట్టుకుంటే ఏ చాట్ ఎక్కడుందో కళ్లకు కనబడుతుంది.

నిజంగానే వాట్సాప్‌లోంచి పంపిన డబ్బైతే అది చాట్‌లో బొమ్మలా రాదు. పేమెంట్ సందేశంగా వస్తుంది, నొక్కితే వివరాలు తెరుచుకుంటాయి. అలా తెరుచుకోనిది ఫొటో మాత్రమే. అసలు పేమెంట్ సందేశం వచ్చినా ఖాతా చూడటం మానవద్దు.

డబ్బు కట్ అయింది, మీకు పడలేదు అనే సందర్భాలు నిజంగానూ ఉంటాయి. అప్పుడు కొన్నవారిని అనుమానించకండి, అలాగని సరుకూ పంపకండి. రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో పెట్టిన నియమం ప్రకారం విఫలమైన చెల్లింపు వ్యక్తుల మధ్యదైతే మర్నాటికల్లా, వ్యాపారికి చేసినదైతే 5 రోజుల్లోగా తిరిగి జమ కావాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల పరిహారం పంపినవారికి రావాలి. ఫిర్యాదు వాళ్లే, వాళ్ల యాప్‌లో ఆ లావాదేవీ తెరిచి పెట్టాలి. మీ వైపు నుంచి చేయడానికేమీ ఉండదు.

పోయిన చీరల విషయం: చాట్, స్క్రీన్‌షాట్, కొరియర్ రసీదు చెరపకుండా దాచి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లోనూ నమోదు చేయవచ్చు. పార్సిల్ ఇంకా దారిలో ఉంటే ముందు కొరియర్ ఆఫీసుకు చెప్పి వెనక్కి పిలిపించండి.

ప్రశ్న: డబ్బు రావాలంటే పిన్ కొట్టమంటున్నారు, నిజమేనా? (నిజామాబాద్)

అబద్ధం. డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. వ్యక్తులు ఒకరికొకరు పంపుకునే కలెక్ట్ రిక్వెస్టులను (డబ్బు ఇమ్మని యాప్‌లో వచ్చే అభ్యర్థనలు, పిన్ కొడితే మీ డబ్బే పోతుంది) 2025 అక్టోబరు 1 నుంచి ఆపేశారు కూడా.

ప్రశ్న: మాది కిరాణా కొట్టు. ఖాతా మొత్తం ఆపేశారు. వేరే రాష్ట్రంలో ఎవరో పెట్టిన సైబర్ ఫిర్యాదు వల్ల అంటున్నారు. మేమే తప్పూ చేయలేదు. (వరంగల్)

ఎవరినో మోసగించి తీసుకున్న డబ్బు నాలుగైదు ఖాతాలు దాటుతుంది. ఆ చివరి ఖాతావాడు మీ కొట్లో నూనె ప్యాకెట్లు కొని యూపీఐ చేస్తే, ఆ గొలుసులో మీ ఖాతా కూడా చేరుతుంది. భయపడి ఎవరికీ డబ్బు కట్టకండి. ‘ఖాతా విడిపిస్తాం’ అంటూ ఫోన్ చేసే మధ్యవర్తులు మరో మోసం.

బ్యాంకును లిఖితపూర్వకంగా మూడు అడగండి: ఫిర్యాదు నంబరు, దర్యాప్తు చేస్తున్న పోలీస్ స్టేషన్, వివాదంలో ఉన్న మొత్తం. వివాదం 1,200 రూపాయలదైతే ఆ 1,200కే హోల్డ్ పెట్టి మిగతాది వదలమని అదే అర్జీలో కోరండి. ఆ లావాదేవీ తాలూకు బిల్లు, ఆరోజు పద్దు, చాట్ ఉంటే దాని ప్రతి దర్యాప్తు అధికారికి ఈమెయిల్‌లో పంపండి. చిన్న అమ్మకాలకూ బిల్లు రాయాలని మేము పట్టుబట్టేది ఇందుకే. యూపీఐ జమలకు వేరు ఖాతా పెట్టుకుని, వారానికి రెండుసార్లు డబ్బును అసలు ఖాతాకు మార్చుకుంటే, ఎప్పుడైనా ఒక ఖాతా ఆగినా ఇంటి ఖర్చు ఆగదు.

దీనికి దగ్గరి ప్రశ్న ఒంగోలు నుంచి వచ్చింది. తెలియనివారు 8,000 పొరపాటున వేశామని, మరో నంబరుకు తిప్పి పంపమని అడుగుతున్నారట. ముందు ఖాతా చూడండి, చాలాసార్లు ఆ 8,000 వచ్చే ఉండవు. వచ్చి ఉంటే ‘మీ బ్యాంకులో ఫిర్యాదు పెట్టండి, మా బ్యాంకు అడిగితే ఒప్పుకుంటాం’ అని చాట్‌లోనే రాయండి. వేరే నంబరుకు పంపితే అసలు పంపినవారికి మీరు బాకీగానే మిగిలిపోతారు.

ప్రశ్న: సొంత క్యూఆర్ చాలా, మర్చంట్ క్యూఆర్ తీసుకోవాలా? చార్జీలు ఉంటాయా? (టిఫిన్ బండి, ఖమ్మం)

మర్చంట్ క్యూఆర్, అంటే వ్యాపారిగా నమోదై తీసుకునే క్యూఆర్, తీసుకోండి. బ్యాంకు ఖాతా నుంచి వచ్చే యూపీఐ చెల్లింపులకు 2020 జనవరి నుంచి వ్యాపారి మీద చార్జీ లేదు. రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి జత చేసుకున్నవారు వ్యక్తిగత క్యూఆర్‌కు చెల్లించలేరు, మర్చంట్‌కైతే చెల్లించగలరు. డబ్బు పడగానే పైకి చెప్పే సౌండ్‌బాక్స్ ఇస్తే దాని నెల అద్దె ఎంతో ముందే అడగండి. బండి దగ్గర అంటించిన స్టిక్కర్‌ను పొద్దున్నే ఒక రూపాయి వేసి పరీక్షించుకోండి. రాత్రికి రాత్రి పైన ఇంకొకరి క్యూఆర్ అంటించి పోయే దొంగలున్నారు.

ప్రశ్న: యూపీఐ తీసుకుంటే జీఎస్టీ నోటీసు వస్తుందని నగదే తీసుకోమంటున్నారు. ఏది నిజం? (హైదరాబాద్, విజయవాడ, కర్నూలు నుంచి)

2025 జులైలో కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ జమలు చూసి చిన్న దుకాణాలకు నోటీసులు ఇచ్చింది. బెంగళూరులో చాలా కొట్ల ముందు యూపీఐ లేదనే బోర్డులు వెలిశాయి. ఈ భయం అక్కడిదే. కానీ పన్ను యూపీఐ మీద కాదు, అమ్మకం మీద. నగదు అమ్మకమూ టర్నోవరులోకే వస్తుంది.

సరుకు అమ్మేవారికి ఏడాదికి ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. సేవలకు రెండుచోట్లా 20 లక్షలే. విజయవాడలో ఉన్నవారి లెక్క చూసి హైదరాబాద్‌లో ధైర్యంగా ఉండకూడదు. కూరగాయలు, విడి పాలలాంటి పన్ను లేని సరుకు మాత్రమే అమ్మేవారికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. పన్ను ఉన్న సరుకు కూడా కలిపి అమ్మితే రెండింటి మొత్తాన్నీ పరిమితికి లెక్కిస్తారు.

వాట్సాప్ వ్యాపారులు గమనించనిది మరొకటి ఉంది. పన్ను ఉన్న సరుకును సొంతంగా వేరే రాష్ట్రానికి అమ్మితే టర్నోవరు ఎంత తక్కువైనా రిజిస్ట్రేషన్ కావాలి. భీమవరం నుంచి హైదరాబాద్‌కు పంపే ఆవకాయ అంతర్రాష్ట్ర అమ్మకమే. జాబితాలో ఉన్న కొన్ని చేతివృత్తుల వస్తువులకు 20 లక్షల వరకు షరతులతో మినహాయింపు ఉంది. మీ సరుకు అందులో ఉందో లేదో ఆడిటర్‌ను అడగండి.

ఆదాయపు పన్నులో బ్యాంకు ద్వారా తీసుకోవడం మీకే లాభం. చిరు వ్యాపారులకున్న అంచనా ఆదాయ పద్ధతిలో నగదు అమ్మకంలో 8 శాతాన్ని, డిజిటల్ అమ్మకంలో 6 శాతాన్ని ఆదాయంగా చూపిస్తారు. 18 లక్షల అమ్మకానికి ఒకటి 1,44,000, రెండోది 1,08,000. అదే ఖాతాలో చీటీ డబ్బు, బంధువుల చేబదుళ్లు పడితే మాత్రం ఏది అమ్మకమో మీరే విడదీసి చూపాల్సి వస్తుంది.

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా అమ్మాయి స్నేహితులు ఇక్కడి వాళ్ల తల్లిదండ్రుల కోసం కొంటున్నారు. ఎలా చెల్లించాలి? (రాజమహేంద్రవరం)

వాళ్లకు ఇక్కడి బ్యాంకులో ప్రవాసులకిచ్చే ఎన్ఆర్ఈ లేదా ఎన్ఆర్ఓ ఖాతా ఉండి, దానికి అమెరికా నంబరు జతై ఉంటే ఆ నంబరుతోనే యూపీఐ చేయవచ్చు. అన్ని బ్యాంకులు, అన్ని యాప్‌లు ఇవ్వవు కాబట్టి ముందు వాళ్ల బ్యాంకు యాప్‌లో చూసుకోమనండి.

ప్రశ్న: ఆర్డర్లన్నీ ఉన్న ఫోన్ పోతే? (అనంతపురం)

ముందు సిమ్ ఆపించండి, వెంటనే బ్యాంకుకు చెప్పి యూపీఐ ఆపించండి, తర్వాత కేంద్ర టెలికం శాఖ పోర్టల్ సంచార్ సాథీలో ఫోన్‌ను బ్లాక్ చేయించండి. అదే నంబరుతో కొత్త సిమ్ రాగానే వాట్సాప్ మళ్లీ తెరిస్తే పాత ఫోన్లో అది ఆగిపోతుంది. ఇంకెవరూ మీ నంబరుతో వాట్సాప్ తెరవకుండా ఉండాలంటే 6 అంకెల టూ స్టెప్ వెరిఫికేషన్ పిన్ ఈరోజే పెట్టండి, ఈమెయిల్ కూడా ఇవ్వండి. చాట్ బ్యాకప్ రోజువారీకి మార్చండి. పెళ్లి శుభలేఖ, చలానా, పథకం పేర్లతో వచ్చే ఏపీకే ఫైళ్లను (ఫోన్లో యాప్ ఎక్కించే ఫైళ్లు) తెలిసినవారు పంపినా తెరవకండి. ఒకసారి వాటిని ఇన్‌స్టాల్ చేస్తే మీ ఎస్ఎంఎస్‌లు, వాటితో ఓటీపీలు, అవతలివాడి చేతికి వెళతాయి.